పీటర్ వాన్ డెన్ హోగెన్‌బాండ్

పీటర్ వాన్ డెన్ హోగెన్‌బాండ్ (జననం: 1978 మార్చి 14) నెదర్లాండ్స్ దేశానికి చెందిన సుప్రసిద్ధ ఈతగాడు. 100 మీటర్ల ఫ్రీస్టైల్ ఈతను 48 సెకన్ల లోపు పూర్తిచేసిన మొట్టమొదటి వ్యక్తి ఇతడే. 2000 సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 100 మీటర్లు, 200 మీటర్ల ఫ్రీస్టైల్ పందెములు రెండింటిలోను స్వర్ణ పతకములు గెలిచాడు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల స్వర్ణాన్ని నిలబెట్టుకున్నాడు. నాలుగు ఒలింపిక్ క్రీడలలో పాల్గొని 3 స్వర్ణములు, 2 రజతములు, 2 కాంస్యములు, మొత్తం 7 పతకములు సాధించాడు. 2008లో పోటీల నుండి విరమించాడు.

పేరు

డచ్చి భాషలో ఇతని పేరు పలికే తీరును తెలుగు లిపిలో యథాతథంగా వ్రాయడం కష్టం. పేరులోని "గ" అక్షరాన్ని డచ్చివారు గొంతు లోపలి నుండి, "ఖ"కు, "హ"కు మధ్యగా పలుకుతారు. చివరి "డ్" దాదాపు "ట్" వలె వినిపిస్తుంది. పేరు పొడవు వలన ఆంగ్ల వ్యాఖ్యాతలు ఇతనిని "వి.డి.హెచ్." అని మూడు అక్షరాలతో పిలిచేవారు. తెలుగు పత్రికలలో హోగెన్‌బాండ్, హూగెన్‌బాండ్ అను రెండు రూపాలు కనిపిస్తాయి.

డచ్చివారు తెలుగువారికి పూర్తిగా కొత్తవారు కారు. 17వ శతాబ్దంలో మచిలీపట్నం, పులికాట్, భీమునిపట్నం మొదలైన రేవులలో వర్తకం చేసినవారు వీరే. "హాలండు" అను మాటనే నాటి తెలుగువారు "వలందా" అన్నారు. మచిలీపట్నంలోని వలందపాలెం పేరు దాని గుర్తే.

నెదర్లాండ్స్‌లో ఈత

ఇతని క్రీడా జీవితాన్ని అర్థం చేసికొనుటకు ఆ దేశంలో నీటికి ఉన్న స్థానం తెలియాలి. నెదర్లాండ్స్ భూభాగంలో సుమారు నాలుగవ వంతు సముద్ర మట్టానికి దిగువన ఉన్నది. ఊరూరా కాలువలు, ఇంటి ముంగిట నీటి గుంటలు. పిల్లవాడు కాలుజారి నీటిలో పడే ప్రమాదం అక్కడ ప్రతి తల్లికీ ఉండే భయం. అందువలన ఈత అక్కడ వినోదం కంటె ముందు ప్రాణరక్షణకు సంబంధించిన విద్య. పిల్లలు చిన్న వయసులోనే ఈత శిక్షణలో చేరి "ఎ", "బి", "సి" అను మూడు అంచెల పరీక్షలు పూర్తిచేసి ధ్రువపత్రములు పొందుతారు. మొదటిదైన "ఎ" పరీక్షలోనే బట్టలతోను, బూట్లతోను నీటిలో దిగి ఈదవలెను. నీటి అడుగున వ్రేలాడదీసిన తెరలోని రంధ్రం గుండా దూరి అవతలకు రావలెను. ప్రమాదవశాత్తు కాలువలో పడే పిల్లవాడు ఈత దుస్తులతో పడడు కదా అన్నదే ఈ నియమం వెనుక ఉన్న ఆలోచన.

మన ప్రాంతంలో ఈత నేర్చుకునే తీరు వేరు. కర్నూలు జిల్లా పశ్చిమ భాగమైన ఆదోని, ఎమ్మిగనూరు వంటి మెట్ట ప్రాంతాలలో ఈత అంటే దిగుడుబావి, తుంగభద్ర దిగువ కాలువ, మంత్రాలయం వద్ద నది. నడుముకు బెండ్లు గాని, ఎండిన సొరబుర్ర గాని, మోటారు ట్యూబు గాని కట్టి పెద్దవారు పిల్లవానిని నీటిలోకి దింపుతారు. కొద్దిరోజులకు ఆ కట్టు విప్పివేస్తారు. బావిలో ఈత నేర్చిన వానికి ధైర్యం, దమ్ము, మునక బాగా అలవడతాయి. అయితే తిన్నగా 50 మీటర్లు సాగే నీరు అతనికి దొరకదు. పందెపు ఈతకు కావలసినది సరిగా ఆ 50 మీటర్లే. పైగా బావి ఎండిన సంవత్సరం నేర్చుకొనుటకే వీలుండదు. కాలువకు నీరు వదిలిన రోజులలో ఈత రాని పిల్లలు అందులో దిగి ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు ఏటా చదువుతూనే ఉంటాము. డచ్చివారి బట్టల ఈత పరీక్ష వంటిది మన పాఠశాలలకు కూడా పనికివచ్చే విషయమే.

పోటీ ఈతలో నెదర్లాండ్స్‌కు పాత చరిత్ర ఉన్నది, కాని అది ఎక్కువగా మహిళల చరిత్ర. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో రీ మాస్టెన్‌బ్రూక్ మూడు స్వర్ణాలు గెలిచింది. అదే సంవత్సరం విల్లీ డెన్ ఔడెన్ 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో నెలకొల్పిన ప్రపంచ రికార్డు (1 నిమిషం 4.6 సెకన్లు) 20 సంవత్సరాలు నిలిచింది. పురుషులలో మాత్రం 2000 సంవత్సరం వరకు ఒక్క డచ్చి ఈతగానికి కూడా ఒలింపిక్ స్వర్ణం దక్కలేదు. ఆ కొరత తీర్చినవాడు హోగెన్‌బాండ్.

బాల్యము

హోగెన్‌బాండ్ నెదర్లాండ్స్ దక్షిణ కొసన ఉన్న మాస్ట్రిక్ట్ నగరంలో జన్మించాడు. ఐండ్‌హోవెన్ సమీపంలోని గెల్డ్రాప్ అను పట్టణంలో పెరిగాడు. తల్లి ఆస్ట్రిడ్ స్వయంగా పోటీలలో పాల్గొన్న ఈతగత్తె. తండ్రి సీస్ రీన్ వైద్యుడు. ఐండ్‌హోవెన్‌లోని ప్రసిద్ధ ఫుట్‌బాల్ క్లబ్బు పి.ఎస్.వి.కి ఆయన చాలాకాలం వైద్యునిగా పనిచేశాడు. ఈ విధంగా నీరు తల్లి వైపు నుండి, క్రీడాకారుని దేహాన్ని గురించిన శాస్త్రీయ దృష్టి తండ్రి వైపు నుండి ఇంటిలోనే లభించాయి.

ఐండ్‌హోవెన్ ఫిలిప్స్ సంస్థ పుట్టిన ఊరు. రేడియోల మీద, విద్యుద్దీపాల మీద ఆ పేరు మన ఇళ్ళలో చూడనివారుండరు. ఆ ఊరిలోనే జాకో వెర్‌హారెన్ అను యువ శిక్షకుని వద్ద హోగెన్‌బాండ్ చేరాడు. పోటీ జీవితం ముగిసే వరకు ఇతని గురువు ఆయనే. ఉత్తమ సౌకర్యాల కోసం అమెరికాకో, ఆస్ట్రేలియాకో వెళ్ళిపోయే ఈతగాండ్ర మధ్య, ఇంటి పక్క కొలను విడువకుండా ప్రపంచ విజేత అయినవాడు ఇతడు.

అట్లాంటా నుండి ఇస్తాంబుల్ వరకు

1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి ఇతనికి 18 ఏళ్ళు. 100 మీటర్లలోను, 200 మీటర్లలోను ఫైనల్ చేరి, రెండింటిలోను నాలుగవ స్థానంలో నిలిచాడు. 100 మీటర్ల పందెములో రష్యాకు చెందిన అలెగ్జాండర్ పోపోవ్ 48.74 సెకన్లతో స్వర్ణం, అమెరికాకు చెందిన గ్యారీ హాల్ జూనియర్ రజతం, బ్రెజిల్‌కు చెందిన గుస్తావో బోర్గెస్ కాంస్యం గెలిచారు. హోగెన్‌బాండ్ బోర్గెస్ కంటె సెకనులో పదవ వంతుకు కొంచెం ఎక్కువ వెనుకబడ్డాడు. ఆ వయసుకు అది గొప్ప ఫలితమే, కాని ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానానికి పతకం లేదు. రెండుసార్లు వరుసగా ఆ స్థానంలోనే నిలవడం మరింత చేదు.

పోపోవ్ గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. 1992, 1996 ఒలింపిక్స్ రెండింటిలోను 50, 100 మీటర్ల స్వర్ణాలు రెండూ అతనివే. అట్లాంటా నుండి తిరిగి వచ్చిన కొద్ది రోజులకే మాస్కో వీధిలో పుచ్చకాయలు అమ్మేవారితో జరిగిన తగాదాలో అతడు కత్తిపోటుకు గురై, ప్రాణాపాయం నుండి బయటపడి, మరుసటి సంవత్సరమే ఐరోపా విజేతగా నిలిచాడు. ఆ తరంలోని స్వల్పదూరపు ఈతగాండ్రందరూ అతని వెనుకనే ఈదారు.

1998లో పెర్త్‌లో జరిగిన ప్రపంచ పోటీలలో హోగెన్‌బాండ్ 200 మీటర్లలో కాంస్యం, 4x200 మీటర్ల రిలేలో రజతం పొందాడు. ఆ పోటీలలో అతని జట్టు సహచరుడు మార్సెల్ వౌడా 200 మీటర్ల మెడ్లేలో స్వర్ణం గెలిచి ప్రపంచ విజేత అయిన తొలి డచ్చి పురుషుడయ్యాడు. డచ్చి ఈతలో పురుషుల వంతు మొదలైనదని అప్పుడే తెలిసింది.

1999 వేసవిలో ఇస్తాంబుల్‌లో జరిగిన ఐరోపా పోటీలు ఇతని స్థాయిని ఒక్కసారిగా మార్చివేశాయి. 50, 100, 200 మీటర్ల ఫ్రీస్టైల్, 50 మీటర్ల బటర్‌ఫ్లై, రెండు రిలేలు కలిపి ఆరు స్వర్ణములు గెలిచాడు. పోపోవ్‌ను 50లోను, 100లోను ఓడించాడు. 50 మీటర్లు ఈదేవారికి పేలుడు వంటి బలం కావాలి. 200 మీటర్లు ఈదేవారికి ఓర్పు, లెక్క కావాలి. ఈ రెండు గుణములు ఒకే దేహంలో కుదరడం అరుదు. ఆ సంవత్సరం నుండి ఇతని ప్రత్యేకత అదే అయినది.

సిడ్నీ 2000

ఆస్ట్రేలియాలో ఈతకు మనదేశంలో క్రికెట్‌కు ఉన్నంత ఆదరణ ఉన్నది. సిడ్నీ ఒలింపిక్స్‌కు వచ్చేసరికి ఆ దేశపు ఆశలన్నీ 17 ఏళ్ళ ఇయాన్ థోర్ప్ మీద ఉన్నాయి. మొదటి రోజైన సెప్టెంబరు 16ననే అతడు 400 మీటర్ల ఫ్రీస్టైల్‌లో ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచాడు. కొద్దిసేపటికే 4x100 మీటర్ల రిలేలో చివరి వంతు ఈది, ఆ పందెములో అంతవరకు ఒలింపిక్స్‌లో ఓటమి ఎరుగని అమెరికాను ఓడించాడు. 200 మీటర్ల ప్రపంచ రికార్డు (1:45.51) కూడా అతనిదే. ఈ స్వర్ణం కూడా అతనిదేనని అందరూ నిశ్చయించుకున్నారు.

సెప్టెంబరు 17న సెమీఫైనల్స్ జరిగాయి. హోగెన్‌బాండ్ 1:45.35 సమయంతో థోర్ప్ రికార్డును బద్దలు కొట్టాడు. తరువాతి సెమీఫైనల్‌లో థోర్ప్ 1:45.37 నమోదు చేశాడు. తేడా సెకనులో నూరవ వంతులు రెండు మాత్రమే. దీనివలన ఫైనల్‌లో నడిమి వరుసలైన నాలుగు, ఐదులలో ఇద్దరూ పక్కపక్కన నిలిచారు.

మరునాటి ఫైనల్‌లో హోగెన్‌బాండ్ మొదటి నుండి వేగంగా సాగాడు. థోర్ప్ అతనిని విడువక అంటి ఉన్నాడు. 150 మీటర్ల మలుపు వద్ద ఇద్దరూ దాదాపు సమానం. థోర్ప్ పాదములు చాలా పెద్దవి, పందెపు చివరి భాగంలో అతని కాళ్ళ తాపులకు ఎదురు లేదని పేరు. కనుక చివరి 50 మీటర్లలో అతడు ముందుకు దూసుకొని పోతాడని ప్రేక్షకులు ఎదురుచూశారు. జరిగినది వేరు. చివరి కొలనులో దూరమైనవాడు హోగెన్‌బాండ్. అతడు మళ్ళీ సరిగా 1:45.35లో గోడను తాకి తన రికార్డునే సమం చేశాడు. థోర్ప్ 1:45.83తో రెండవ స్థానంలోను, ఇటలీకి చెందిన మాసిమిలియానో రోసోలినో 1:46.65తో మూడవ స్థానంలోను నిలిచారు. 0.48 సెకను అనగా నీటిలో ఇంచుమించు ఒక మీటరు దూరం. ఈత పందెములలో అది కంటికి స్పష్టంగా కనిపించే తేడా.

ఈ ఓటమిని థోర్ప్ హుందాగా స్వీకరించాడు. గెలిచినవాని గొప్పతనమొక్కటే చెప్పుకొని ఓడినవానిని తక్కువ చేయడం ఈ పందెము విషయంలో న్యాయం కాదు. రెండు ప్రపంచ రికార్డులు, ఒక రిలే విజయం, తీరని అలసట, దేశమంతటి అంచనాల బరువు, ఇవన్నీ ఆ బాలుని భుజాల మీద ఉన్నాయి.

47.84 సెకన్లు

100 మీటర్ల ఫ్రీస్టైల్ ఈతలో మకుటము వంటిది. 1994లో మాంటీ కార్లోలో పోపోవ్ నెలకొల్పిన 48.21 సెకన్ల రికార్డు ఆరు సంవత్సరాలు నిలిచింది. సిడ్నీలో తొలిరోజు రిలే ప్రారంభపు వంతులో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ క్లిమ్ దానిని 48.18కి తగ్గించాడు. ఆరేళ్ళకు తగ్గినది సెకనులో నూరవ వంతులు మూడు. అట్టి పందెములో సెప్టెంబరు 19న, సెమీఫైనల్‌లోనే, హోగెన్‌బాండ్ 47.84లో ఈదాడు. ఒక్క పందెములో నూరవ వంతులు ముప్పదినాలుగు తగ్గాయి.

ఈ వేగాన్ని లెక్కగడితే సెకనుకు 2.09 మీటర్లు, గంటకు సుమారు ఏడున్నర కిలోమీటర్లు వస్తుంది. నేల మీద మెల్లగా పరుగెత్తే బడిపిల్లవాడు కూడా ఆ వేగాన్ని అందుకోగలడు. చదువరికి ఇది స్వల్పంగా తోచవచ్చు. కాని నీరు గాలి కంటె సుమారు 800 రెట్లు సాంద్రమైనది. వేగం పెరిగేకొద్దీ నీటి నిరోధం వేగపు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది, దానిని ఎదిరించడానికి కావలసిన శక్తి అంతకంటె త్వరగా పెరుగుతుంది. అందువలన ఈతలో సెకనులో పదవ వంతు తగ్గించుటకు ఏళ్ళ తరబడి సాధన అవసరమవుతుంది. 48 సెకన్ల హద్దు ఆ కాలపు ఈతగాండ్రకు పరుగులో నాలుగు నిమిషాల మైలు వంటిది.

అదే రోజు 4x200 మీటర్ల రిలే ఫైనల్‌లో కూడా ఇతడు పాల్గొనగా, మార్టిన్ జౌడ్‌వెగ్, యోహాన్ కెన్‌హౌస్, మార్సెల్ వౌడాలతో కూడిన డచ్చి జట్టు కాంస్యం గెలిచింది. మరునాడు 100 మీటర్ల ఫైనల్‌లో 48.30తో స్వర్ణం గెలిచాడు. పోపోవ్ (48.69) రజతం, గ్యారీ హాల్ జూనియర్ (48.73) కాంస్యం పొందారు. అట్లాంటాలో తనకు ముందున్న ముగ్గురిలో ఇద్దరు ఈసారి తన వెనుక నిలిచారు.

తెలుగువారికి 2000 సెప్టెంబరు 19 మరొక కారణం చేత గుర్తుండే తేదీ. కరణం మల్లేశ్వరి బరువులెత్తే పోటీలలో 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ అయినది ఆ రోజే. అదే ఊరిలో, అదే దినమున ఈత కొలనులో 48 సెకన్ల హద్దు చెరిగిపోయిన సంగతి మన పాఠకులలో ఎక్కువమందికి పట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు.

50 మీటర్ల పందెములో హోగెన్‌బాండ్ 22.03తో కాంస్యం పొందాడు. ఆ పందెములో అమెరికన్లు ఆంథొనీ ఎర్విన్, గ్యారీ హాల్ జూనియర్ ఇద్దరూ 21.98తో స్వర్ణాన్ని పంచుకున్నారు. వెయ్యవ వంతుల వరకు కొలవగల యంత్రాలు ఉండగా ఇద్దరికీ స్వర్ణం ఎందుకు ఇచ్చారని విద్యార్థులు అడగవచ్చు. 1972 మ్యూనిక్‌లో 400 మీటర్ల మెడ్లే పందెమును వెయ్యవ వంతులు రెండింటితో తేల్చారు. అంత స్వల్ప కాలంలో ఈతగాడు కదిలే దూరం కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. కొలను గోడల నిర్మాణంలోనే ఒక వరుసకు మరొక వరుసకు అంతకంటె ఎక్కువ తేడా ఉండవచ్చును. కనుక తరువాతి కాలంలో నూరవ వంతుల వద్దనే ఆపివేసి, సమానమైతే పతకం పంచుతున్నారు.

సిడ్నీలో నెదర్లాండ్స్ గెలిచిన 12 స్వర్ణాలలో ఐదు ఈత కొలను నుండి వచ్చాయి. హోగెన్‌బాండ్ రెండు గెలువగా, మిగిలిన మూడు ఇంగే డి బ్రౌన్ అను ఈతగత్తె గెలిచింది. ఒక చిన్న దేశం ఇంతటి విజయం సాధించడం చూచి, విదేశీ పత్రికలలో నిషిద్ధ ఔషధాల గురించిన అనుమానాలు కూడా వినిపించాయి. డి బ్రౌన్ వాటిని ఎక్కువగా భరించవలసి వచ్చింది. వీరిద్దరిలో ఎవరూ ఏ పరీక్షలోనూ దోషిగా తేలలేదు. ఆధారం లేని అనుమానాన్ని విజేత మీద వేయడం ఎంత సులభమో, దానిని తుడిచివేయడం అంత కష్టం.

రెండవ స్థానాల కాలం

సిడ్నీ తరువాతి మూడేళ్ళలో ఇతనికి ఒక వింత అనుభవం ఎదురయింది. 2001 మార్చిలో థోర్ప్ 200 మీటర్ల రికార్డును 1:44.69కి తగ్గించి తిరిగి తీసుకున్నాడు. అదే ఏడు జులైలో ఫుకువోకా ప్రపంచ పోటీలలో దానిని 1:44.06కి చేర్చాడు. అక్కడ హోగెన్‌బాండ్ 50, 100, 200 మీటర్లు మూడింటిలోను రజతమే పొందాడు. 50, 100లలో ఎర్విన్, 200లో థోర్ప్ గెలిచారు. 2003 బార్సిలోనాలో 100 మీటర్లు మళ్ళీ పోపోవ్‌కు, 200 మీటర్లు మళ్ళీ థోర్ప్‌కు దక్కాయి. హోగెన్‌బాండ్‌కు రెండింటిలోను రజతం. పోపోవ్‌కు అప్పటికి 31 ఏళ్ళు.

మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన ఈ ఈతగానికి 50 మీటర్ల కొలనులో జరిగే ప్రపంచ పోటీలలో వ్యక్తిగత స్వర్ణం ఒక్కటి కూడా లేదు. దీనిని కొందరు అతని లోపంగా చెబుతారు. కాని 2002 బెర్లిన్ ఐరోపా పోటీలను చూచినవారు అలా అనరు. అక్కడ 100 మీటర్లు 47.86లోను, 200 మీటర్లు 1:44.89లోను ఈది రెండు స్వర్ణములు గెలిచాడు. మొదటిది తన ప్రపంచ రికార్డుకు నూరవ వంతులు రెండు మాత్రమే దూరం. రెండవది అతని జీవితంలోనే అత్యుత్తమ సమయం. శక్తి తగ్గలేదు, ప్రత్యర్థులు పెరిగారు.

ఏథెన్స్ 2004

2004 ఆగష్టు 16న ఏథెన్స్‌లో జరిగిన 200 మీటర్ల ఫ్రీస్టైల్ ఫైనల్‌ను పత్రికలు "శతాబ్దపు పందెము" అని పేర్కొన్నాయి. ప్రపంచ రికార్డు కలిగిన థోర్ప్, క్రితంసారి విజేత హోగెన్‌బాండ్, ఎనిమిది స్వర్ణాల ఆశతో వచ్చిన 19 ఏళ్ళ అమెరికన్ మైకేల్ ఫెల్ప్స్ ముగ్గురూ ఒకే కొలనులో దిగారు. హోగెన్‌బాండ్ సిడ్నీలో వలెనే మొదట ముందంజ వేశాడు, ఈసారి మరింత వేగంగా. చివరి 50 మీటర్లలో థోర్ప్ అతనిని దాటాడు. థోర్ప్ 1:44.71, హోగెన్‌బాండ్ 1:45.23, ఫెల్ప్స్ 1:45.32. నాలుగేళ్ళ నాటి బాకీ తీరిపోయింది.

దానికి ముందురోజు 4x100 మీటర్ల రిలేలో దక్షిణాఫ్రికా 3:13.17 ప్రపంచ రికార్డుతో గెలువగా, కెన్‌హౌస్, మిట్యా జాస్ట్రోవ్, క్లాస్ ఎరిక్ జ్వెరింగ్, హోగెన్‌బాండ్‌లతో కూడిన డచ్చి జట్టు 3:14.36తో రజతం పొందింది. అమెరికా మూడవ స్థానానికి జారింది. చివరి వంతులో అమెరికా ఈతగానిని దాటినవాడు హోగెన్‌బాండే.

ఆగష్టు 18న 100 మీటర్ల ఫైనల్. రిలే గెలిచిన జట్టులోని రోలాండ్ స్కూమన్ (దక్షిణాఫ్రికా) మొదటి సగంలో ముందున్నాడు. చివరి కొద్ది మీటర్లలో హోగెన్‌బాండ్ అతనిని అందుకొని 48.17లో గోడను తాకాడు. స్కూమన్ 48.23, థోర్ప్ 48.56. మొదటి ఇద్దరి మధ్య తేడా దూరంలో చెప్పాలంటే 12 లేక 13 సెంటీమీటర్లు, అనగా చాచిన జానెడు కంటె తక్కువ. 100 మీటర్ల ఒలింపిక్ స్వర్ణాన్ని వరుసగా రెండుసార్లు గెలిచినవారు అంతకు ముందు ముగ్గురే: హవాయికి చెందిన డ్యూక్ కహనమోకు (1912, 1920, మధ్యలో 1916 క్రీడలు యుద్ధం వలన జరగలేదు), తరువాత టార్జాన్‌గా సినిమాలలో ప్రసిద్ధి చెందిన జానీ వైస్‌ముల్లర్ (1924, 1928), పోపోవ్ (1992, 1996). హోగెన్‌బాండ్ నాలుగవవాడయ్యాడు.

వెన్నునొప్పి, చివరి పందెములు

ఏథెన్స్ తరువాత ఇతనిని వెన్నునొప్పి బాధించింది. వెన్నుపూసల మధ్యనుండే మెత్తని బిళ్ళ జారి నరాన్ని నొక్కడం దీనికి కారణం. 2005లో శస్త్రచికిత్స జరిగింది. ఆ ఏటి మాంట్రియల్ ప్రపంచ పోటీలకు వెళ్ళలేకపోయాడు. ఈతగాడు నీటిలో తిన్నగా, గట్టిగా ఉండటానికి వెన్ను, నడుము ఆధారం. ప్రతి మలుపు వద్ద దేహాన్ని మడిచి పిల్లిమొగ్గ వేయవలసి ఉంటుంది. అట్టి చోట కత్తిపడిన తరువాత తిరిగి రావడం సామాన్యం కాదు. 2006లో బుడాపెస్ట్ ఐరోపా పోటీలలో 200 మీటర్ల స్వర్ణం గెలిచాడు. 2007 మెల్‌బోర్న్ ప్రపంచ పోటీలలో 200 మీటర్లలో ఫెల్ప్స్ 1:43.86తో థోర్ప్ రికార్డును తుడిచివేయగా, హోగెన్‌బాండ్ రజతం పొందాడు.

ఇతని గౌరవార్థం ఐండ్‌హోవెన్‌లో కట్టిన ఈత భవనానికి పీటర్ వాన్ డెన్ హోగెన్‌బాండ్ పేరు పెట్టారు. 2008 మార్చిలో ఐరోపా పోటీలు అక్కడే జరిగాయి. ఆ సంవత్సరం కొత్త రకపు ఈత దుస్తులు రావడంతో ప్రపంచమంతటా రికార్డులు రాలిపోతున్నాయి. మార్చి 21న ఫ్రాన్స్‌కు చెందిన అలెన్ బెర్నార్డ్ 100 మీటర్లను 47.60లో ఈది, ఏడున్నర సంవత్సరాలు నిలిచిన 47.84ను చెరిపివేశాడు. హోగెన్‌బాండ్ రికార్డు హోగెన్‌బాండ్ పేరుగల కొలనులోనే పోయింది. దేహాన్ని నీటిలో తేల్చి, కండలను బిగించి ఉంచే ఈ దుస్తుల వలన రికార్డుల విలువే సందేహంలో పడగా, 2010 జనవరి 1 నుండి అంతర్జాతీయ ఈత సమాఖ్య వాటిని నిషేధించింది. 47.84 ఆ దుస్తులు రాకముందు నమోదైనది కనుక, దానిని తరువాతి సంఖ్యల పక్కన పెట్టి పోల్చేటప్పుడు ఈ విషయం గమనించాలి.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 200 మీటర్లు వదలి, 100 మీటర్ల మీదనే దృష్టి పెట్టాడు. అప్పటికి ఇతని వయసు 30. ఈ పందెమును వరుసగా మూడుసార్లు గెలిచినవారు లేరు. సెమీఫైనల్‌లో 47.68, ఫైనల్‌లో 47.75 నమోదు చేశాడు. రెండూ తన పాత ప్రపంచ రికార్డు కంటె మెరుగైనవి. అయినను ఫైనల్‌లో దక్కినది ఐదవ స్థానం. బెర్నార్డ్ 47.21తో స్వర్ణం, ఆస్ట్రేలియాకు చెందిన ఈమన్ సల్లివాన్ 47.32తో రజతం గెలిచారు. అమెరికాకు చెందిన జేసన్ లెజాక్, బ్రెజిల్‌కు చెందిన సీజర్ సియేలో 47.67తో కాంస్యాన్ని పంచుకున్నారు. ఈ పందెముతో హోగెన్‌బాండ్ పోటీ జీవితం ముగిసింది. 100 మీటర్లలో వరుసగా నాలుగు ఒలింపిక్ ఫైనల్స్ ఈదినవానిగా నాలుగు, ఒకటి, ఒకటి, ఐదు స్థానములు అతని ఖాతాలో ఉన్నాయి.

అదే బీజింగ్ క్రీడలలో కొల్హాపూర్‌కు చెందిన 16 ఏళ్ళ వీర్‌ధవల్ ఖాడే భారతదేశం తరఫున 50, 100, 200 మీటర్ల ఫ్రీస్టైల్ పందెములలో పాల్గొన్నాడు. 100 మీటర్లలో అతని సమయం 50 సెకన్లకు కొంచెం పైన. డచ్చి ఈతగాండ్రకు, మనవారికి మధ్య ఉన్న దూరం ఆ రెండున్నర సెకన్లలో కనిపిస్తుంది.

విరమణ తరువాత

2013లో హోగెన్‌బాండ్‌కు అంతర్జాతీయ ఈత కీర్తి మందిరంలో స్థానం లభించింది. గురువు వెర్‌హారెన్ తరువాతి కాలంలో థోర్ప్ దేశమైన ఆస్ట్రేలియాకు ప్రధాన శిక్షకుడై, 2021 నుండి ఫ్రాన్స్ జట్టు బాధ్యతలు చేపట్టాడు. శిష్యుడు స్వదేశంలోనే ఉండి, డచ్చి ఒలింపిక్ దళానికి అధిపతిగా ఎంపికయ్యాడు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఆ దళం 36 పతకములు గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 15 స్వర్ణములతో 34 పతకములు సాధించింది. పారిస్ కొలనులోనే చైనాకు చెందిన పాన్ ఝాన్‌లే 100 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 46.40 సెకన్లలో ఈది ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. 47.84 నుండి అక్కడికి చేరుటకు 24 సంవత్సరాలు పట్టింది.